వాస్తా

రుమైతియాలో ఒక దివానియా.
లోపల మెత్తల మీద పెద్దోళ్ళు, చిన్న గిన్నెల్లో గావా.
ఎవరి కొడుక్కి ఏ ఆఫీసో, ఎవరి ఫైలు ఏ బల్ల దాటాలో
గిన్నె ఊపి చాలనేలోపల తేలిపోతుంది.

బయట ఇసుకలో మేము.
పదకొండు బండ్లు, పదకొండు మంది డ్రైవర్లం.
ఇంజన్ ఆపితే ఉడికిపోతాం,
ఆపకపోతే పెట్రోలు లెక్క అడుగుతారు.
థర్మాసులో చాయ్ ఉంది గానీ కప్పులు మూడే.

వాస్తా అంటారిక్కడ.
తెలిసినోడు ఉండడం.
ఒక్క ఫోనుకి తలుపు తెరుచుకోవడం.
తొమ్మిదేండ్లలో నాకు తెలిసినోళ్ళు
మా బాబా, మామా, బడి గేటు కాడ గార్డు,
రాయచోటికి డబ్బు పంపే కౌంటర్లో అద్దం.

నలభై నాలుగేండ్లకు ఏసీ పని నేర్చుకుంటానంటే
మొదట ఎదురుతిరిగింది నా చేతులే.
స్టీరింగు గుండ్రానికి అలవాటుపడిన వేళ్ళు
స్పానరు పట్టుకుంటే దొంగసొత్తు పట్టుకున్నట్టు వణికినాయి.

వాస్తా లేనోడికి ఏముంటుంది?
వస్తా ఉంటుంది.
మా ఊరి నోట్లో అది 'వచ్చా'.
కోనసీమోళ్ళు నవ్వుతారని దిద్దుకున్నా.

షువైఖ్‌లో సైదలవి షాపు ముందు
రాత్రిపూట పాత కంప్రెసర్లు దించాలంటే, వస్తా.
ఈజిప్టు రగబ్ నిచ్చెన పట్టుకునేవాడు కావాలంటే, వస్తా.
మూడు నెలలు నిచ్చెన కింద నిలబడి
పైనుంచి రాలే తిట్లలో పార్టుల పేర్లు ఏరుకున్నా.

ఫర్వానియాలో కార్డులు కూడా కొట్టించినా, యాభై.
పంచింది నలభై. పలికింది ఒక్కటీ లేదు.
మిగిలిన పది మా గదిలో
ఊగే మంచం కోడు కింద ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

పని దొరికింది చెత్తడబ్బా కాడ.
పక్కింటి వంటామె మార్తమ్మది రాజోలు.
సంచీ పారేసే రెండు నిమిషాల్లో వీధి మొత్తం చెప్పేది.
"ఆ మూలింట్లో పై గదికి నీళ్ళు కారిపోతున్నాయండీ,
మాడమ్ తువ్వాళ్ళు పరిపిస్తోంది."
వెళ్ళి చూస్తే డ్రైన్ పైపులో పావురం ఈకలు.
అయిదు దినార్లిచ్చినారు.
ఆమెకొకటి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.
"రేపు నేను పిలిస్తే వస్తారు కదా, అది చాలు."

రగబ్ ఒకరోజు చెప్పకుండా దేశం పోయినాడు.
ఆ నంబరుకి చేస్తే ఎవరో నేపాలీ పిల్ల ఎత్తింది.
ఇద్దరం ఒకరికొకరం సారీ చెప్పుకున్నాం.
పేరు మాత్రం తీసేయలేదు.
నిచ్చెన ఎక్కేటప్పుడు ఇప్పటికీ ఒకసారి కిందికి చూస్తా.

ఇరవై వీసా పద్దెనిమిదికి మార్చిన కఫీలు
నన్ను ఎన్నడూ చూడలేదు.
సైదలవి మొహం చూసి సంతకం పెట్టినాడు.
విడుదల కాగితం ఇస్తూ మా బాబా అడిగినాడు,
"ఎవరు నీ వాస్తా?"
ఏమని చెప్పేది?
తల గోక్కున్నా.
అంత పెద్ద మనిషికి చెత్తడబ్బా అర్థం కావాలంటే
ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

సైదలవి ఫోన్లో నా పేరు చూసినా ఒకనాడు:
'ఏసీ తెలుగు'.
అంతకుముందు 'డ్రైవర్ తెలుగు' అట.
సగం మారినందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న జహ్రాలో మిద్దె మీద ఉన్నా.
తగరం వేడికి మోకాళ్ళు కాలుతున్నాయి, నోట్లో టేపుముక్క.
ఫోను మోగింది.
"అన్నా, ఎడారి క్యాంపులో వంట చేస్తాండా.
వెల్డింగులో పడాలని ఉంది.
మీ నంబరు ఒకాయన ఇచ్చినాడు."

విసుగొచ్చింది, అబద్ధమెందుకు.
కొత్త అకామా తడి ఆరలేదు నాకింకా.
నేనెంత, నా వాస్తా ఎంత.
పెట్టేద్దామని టేపు ఉమ్మేసి,
ఏమనుకున్నానో,
"పేరేందబ్బా?" అన్నా.

అవతల గాలి చప్పుడు.
మేకలనుకుంటా, దూరంగా.
లైను కట్టయిందేమో అనుకున్నా.

"ఓబులేసు."

సేవ్ చేసుకున్నా.
పక్కన ఏ పనీ రాయలేదు.